జింకకు చోటు వెతికేవారికి ఎనిమిది పాఠాలు

అడవుల కొలతల్లోనూ పటాల్లోనూ నా ఉద్యోగ జీవితం గడిచింది. ట్రేసింగ్ కాగితం కాలం నుంచి, కంప్యూటర్లో పటాలు గీసే జీఐఎస్ కాలం దాకా చూశాను. అంతరించిపోతున్న జింకలకు చోటు ఎంచే పనిలోకి ఇప్పుడు మన అనకాపల్లి పిల్లలూ వస్తున్నారంటే నాకెంతో సంతోషం. వాళ్ళకు చెప్పదలచింది ఒక్కటే. జింక సగటు మీద బతకదు. ఏడాదిలో అన్నిటికన్నా గడ్డురోజు గట్టెక్కితేనే బతుకుతుంది.

1. ముందు ఏ జింకో తేల్చుకోండి.
చుక్కల దుప్పికి అడవి అంచు, గడ్డి కావాలి. కణుజుకు, అంటే సాంబర్‌కు, కొండవాలు, చెట్టునీడ, దగ్గర్లో నీరు కావాలి. 2008 నుంచి అది ఐయూసీఎన్ ఎర్ర జాబితాలో ముప్పున్న జీవుల్లో ఉంది. మూషిక జింకది అడుగు ఎత్తు. పగలంతా రాతి సందుల్లో, చెట్టు తొర్రల్లో దాక్కుంటుంది. మూడింటికీ కలిపి ఒకే పటం గీస్తే అది ఏ ఒక్కదానికీ పనికిరాదు.

2. జిల్లా గీత దగ్గర పటం కత్తిరించకండి.
2022 ఏప్రిల్ 4న అనకాపల్లి జిల్లా అయింది. పాడేరు కొండలు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్ళాయి. గొలుగొండ, మాడుగుల వైపు అడవి మాత్రం ఆ గీత దాటి పైకి సాగుతూనే ఉంది. వైశాల్యం చూసి మురిసిపోవద్దు కూడా. విశాఖ కంబాలకొండ అభయారణ్యం సుమారు 70 చదరపు కిలోమీటర్లు. కానీ పక్కనే జాతీయ రహదారి, చుట్టూ నగరం. చోటు ఎంత ఉందని అడిగే ముందు, అక్కడి నుంచి మరో అడవికి దారి ఉందా అని అడగండి.

3. నీళ్ళను మే నెలలో లెక్కపెట్టండి.
సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్లలో ఏడాది పొడవునా నీరుండే వాగు నీలం, ఎండిపోయే వాగు నలుపు. కంప్యూటర్లోకి ఎక్కించేటప్పుడు రెండింటినీ ఒకే పొరలో కలిపేస్తే, పటం నీరుందన్న చోట వేసవిలో ఇసుకే మిగులుతుంది. మా వైపు గెడ్డలు సంక్రాంతి దాటితే సన్నబడతాయి. తాండవ, కళ్యాణపులోవ లాంటి జలాశయాల్లో నీరున్నా, ఒడ్డున పశువుల, మనుషుల అలికిడి ఉంటే బెదురు జంతువు దిగదు. వేసవి ఉపగ్రహ చిత్రాల్లో మడుగులు గుర్తించి, వాటి ఒడ్డున డెక్కల గుర్తులు స్వయంగా చూసి రండి.

4. పచ్చగా ఉన్నదల్లా అడవి కాదు.
ఒక హెక్టారు, ఆ పైన ఉన్న నేలలో పది శాతం మించి చెట్ల నీడ ఉంటే, భారత అటవీ సర్వే దాన్ని అటవీ విస్తీర్ణంగానే లెక్కిస్తుంది. చెట్టు ఏదైనా సరే, భూమి ఎవరిదైనా సరే. అందుకే జీడిమామిడి తోట, యూకలిప్టస్ తోట కూడా ఆ లెక్కలో పడతాయి. అక్టోబరు చిత్రాన్నీ ఏప్రిల్ చిత్రాన్నీ పక్కపక్కన పెట్టండి. ఆకురాల్చే అడవి రంగు మారుతుంది, తోట పచ్చగానే ఉంటుంది. ఇక లాంటానా సంగతి. చెట్ల గొడుగు కింద అల్లుకున్న ఆ పొద ఉపగ్రహానికి సరిగా చిక్కదు. అది కమ్మిన చోట గడ్డి మొలవదు.

5. మార్కులు కూడి సరిపెట్టకండి.
వాలుకు, మేతకు, నీటికి, రోడ్డు దూరానికి తలా కొన్ని మార్కులు వేసి పొరలన్నీ కూడడం జీఐఎస్‌లో అందరూ చేసే పని. అలా చేస్తే మేతకు పది, వాలుకు పది, నీటికి సున్నా వచ్చిన చోటు కూడా జాబితాలో పైకి వస్తుంది. తెలుగులో వందకు వంద వచ్చినా లెక్కల్లో సున్నా వస్తే పరీక్ష తప్పినట్టే కదా! వేసవి నీరు, దాగే చోటు లాంటి తప్పనిసరి వాటితో ముందు వడపోయండి. నిలిచిన చోట్లకే మార్కులు వేయండి. తర్వాత మార్కుల వాటాలు కాస్త అటూ ఇటూ మార్చి చూడండి. అంతమాత్రానికే మొదటి స్థానం తారుమారైతే ఆ ఫలితాన్ని నమ్మవద్దు.

6. పటం మీద ఎంచిన చోటంతా నడవండి.
ఉచ్చు, కరెంటు తీగ, ఊరకుక్క పటంలో కనిపించవు. ఒకసారి రావికమతం వైపు పశువుల కాపరి ఒకాయన నాకొక ఉచ్చు చూపించాడు. బైకు బ్రేకు తీగను గుండ్రంగా ముడివేసి, రెండు చెట్ల మధ్య జంతువు మెడ ఎత్తున వేలాడదీశారు. గింజుకున్నకొద్దీ బిగుసుకునే ముడి. దాని కిందే కణుజు డెక్క గుర్తు, ఇంకా తడి ఆరలేదు. పందుల కోసం పొలం చుట్టూ లాగిన కరెంటు తీగ కూడా జింకను విడిచిపెట్టదు.

7. జనం తిరిగే నేలను ఖాళీ అని రాయకండి.
పటంలో పొదల నేలగా కనిపించిన చోట పోడు ఉంటుంది, అడ్డాకులు ఏరుకునే దారి ఉంటుంది. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం, కీలక వన్యప్రాణి ఆవాసం కోసమైనా గ్రామసభ మనస్ఫూర్తిగా ఒప్పుకోనిదే ఊరిని కదిలించకూడదు. ఆ ఉచ్చు నాకు చూపించింది కూడా ఊరి మనిషే. వాళ్ళు మనవైపు లేకపోతే ఏ చోటూ జింకకు భద్రం కాదు.

8. ఒక్క చోటునే నమ్ముకోవద్దు, తొందరా పడవద్దు.
మణిపూర్ సంగై జింకలు 1975 గణనలో 14 మాత్రమే. అడవిలో వాటికి మిగిలిన ఇల్లు ఒక్కటే, లోక్‌తక్ సరస్సులోని కైబుల్ లామ్‌జావో. 1983లో ఇథాయ్ ఆనకట్ట వచ్చాక నీటిమట్టం ఏడాదంతా ఎత్తుగా నిలిచింది. అవి తిరిగే తేలియాడే గడ్డినేల పలచబడుతూ వచ్చింది. కాన్హా అడవిలో 1970 నాటికి 66 మిగిలిన బారాసింగా జింకలను కాపాడి పెంచి, 2015లో కొన్నింటిని సాత్పురా అడవికి తరలించారు. రెండో ఇల్లు అంటే అదీ. ఇక తొందర సంగతి. హైదరాబాద్ నెహ్రూ జూపార్కు, సీసీఎంబీ పరిశోధన సంస్థ కలిసి 2010లో మూషిక జింకల పెంపకం మొదలుపెడితే, అమ్రాబాద్ అడవిలో వదిలింది 2017లో.

మీరు ఎంచిన చోట జింక రెండు వేసవులు దాటి పిల్లలను పెట్టాకే, అది సరైన చోటని నివేదికలో రాయండి. అంతవరకు ఏటా మే నెలలో వెళ్ళి చూస్తూనే ఉండండి.