పంపకమునందు సణుగు
పాఠము: అపొస్తలుల కార్యములు 6:1–7

ఒకే కర్మాగారములో పనిచేయు మన సంఘస్థు లిద్దరు జీతముల ఒప్పందమును గూర్చి వాదించుకొని, ఒకరితో నొకరు మాటలాడుట మానిరి. కారణము ఈ.ఎస్.ఐ. వైద్యము.

1948 నాటి చట్టమువలన కలిగిన ఈ మేలుకు జీతపు హద్దు కలదు. 2017 జనవరిలో అది నెలకు 21,000 రూపాయలుగా నిర్ణయింపబడెను. 2019 జూలైలో చందా తగ్గింపబడి, నూటికి కార్మికునిది 75 పైసలు, యజమానిది 3 రూపాయల 25 పైసలు ఆయెను. ఈ కొద్దిపాటి చందాతో భార్యాబిడ్డలకును, ఆధారపడిన తలిదండ్రులకును వైద్యము దొరకును. జీతము హద్దు దాటినయెడల, ఆ ఆరుమాసముల చందాకాలము ముగిసినతోడనే చందా ఆగును. పిమ్మట వైద్యమును ఆగును.

కనుక పడుచువాడు పెంపు కోరెను. రోగియైన తల్లి గలవాడు భయపడెను. ఇద్దరి అక్కరయు నిజమే. అయినను ఒకడు రెండవవానిని స్వార్థపరుడనెను.

యెరూషలేములో గ్రీకుభాష మాటలాడు విధవరాండ్రకు పంపకములో అన్యాయము జరిగినప్పుడు అపొస్తలులు సణిగినవారిని గద్దింపలేదు. అందరిని కూడబిలిచి ఏడుగురిని ఏర్పరచుకొనుడనిరి. ఆ ఏడుగురివి గ్రీకు పేర్లే! అనగా విడువబడినవారి పక్షమువారికే పంపకము అప్పగింపబడినదని తోచుచున్నది.

మనమును అట్లు చేయవలదా? హద్దు దాటువారెందరో, వారి యిండ్లలో రోగులెవరో మొదట లెక్కింతము. పెంపుతోకూడ వేరు వైద్యబీమాను అడుగుదము. యజమానియొద్దకు పోవువారిలో రోగిగల యింటివాడొకడు తప్పక ఉండవలెను.

ఆలోచించుడి: మనకు కలుగు మేలువలన ఎవని యింట మందు ఆగిపోవును?