ఎలుక చెప్పిన మాట: పిల్లలతో కలిసి చదవాల్సిన సైన్స్ పాఠం



గోస్పాడు, నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల్లో చాలా ఇళ్లలో తాతకో, అవ్వకో రోజూ వేసుకునే కొలెస్ట్రాల్ మాత్ర ఉంటుంది. "అది ఏం చేస్తుంది? మందులను ముందు ఎలుకల మీద ఎందుకు పరీక్షిస్తారు?" అని మీ పిల్లలు అడిగితే ఇలా చెప్పండి.

కొవ్వు రక్తంలో కరగదు. అందుకే కాలేయం దానికి ప్రోటీన్ పొర చుట్టి పంపుతుంది. నంద్యాల మిల్లు నుంచి ఊళ్లకు బియ్యం మోసే లారీ లాంటిది ఎల్‌డీఎల్. మిగిలిన సరుకును వెనక్కి, అంటే కాలేయానికి చేర్చే లారీ హెచ్‌డీఎల్. మొదటి రకం లారీలు మరీ ఎక్కువైతే సరుకు దారిలోనే, అంటే రక్తనాళాల గోడల్లో పేరుకుంటుంది.

ఇక మన హైదరాబాద్ కథ. డాక్టర్ రెడ్డీస్ పరిశోధన సంస్థ రాగాగ్లిటజార్ అనే కొత్త మందును తయారు చేసింది. కొవ్వు, చక్కెర వాడకాన్ని నియంత్రించే రెండు గ్రాహకాల మీద అది ఒకేసారి పనిచేస్తుంది. కొవ్వు ఎక్కువున్న ఆహారం పెట్టిన ఎలుకల్లో, హామ్‌స్టర్లలో రక్తంలోని కొవ్వులు తగ్గాయి. 1998లో డెన్మార్క్ కంపెనీ నోవో నార్డిస్క్ ఆ మందు హక్కులు తీసుకుంది. మధుమేహ రోగులపై మూడో దశ పరీక్షల వరకు వెళ్లింది. కానీ 2002లో ఆ పరీక్షలను నిలిపేశారు. ఆ మందు ఇచ్చిన ఎలుకల మూత్రాశయాల్లో కణితులు కనిపించడమే కారణం. ఏళ్ల శ్రమ, ఖర్చు పక్కన పెట్టి రోగుల క్షేమం చూశారు.

అలాగని ఎలుక మాటే చివరి మాట కాదు. ఎలుక రక్తంలో కొలెస్ట్రాల్ ఎక్కువగా హెచ్‌డీఎల్‌లోనే తిరుగుతుంది. మనలో ఎక్కువ భాగం ఎల్‌డీఎల్‌లో ఉంటుంది. 1970లలో జపాన్ శాస్త్రవేత్త అకిరా ఎండో కనిపెట్టిన కాంపాక్టిన్ ఎలుకల్లో కొలెస్ట్రాల్ తగ్గించలేదు, కోళ్లలో తగ్గించింది. నేటి స్టాటిన్ మాత్రలకు అదే మూలం. ఎలుకల ఫలితం చూసి వదిలేసి ఉంటే ఆ దారి అక్కడే మూసుకుపోయేది. అందుకే ఒకటికి మించి జంతువుల్లో, ఆ తర్వాత మనుషుల్లో దశలవారీగా పరీక్షిస్తారు.

ఇంట్లో చేసి చూడండి: గ్లాసు నీళ్లలో చెంచా వంటనూనె వేసి కలపండి. కాసేపటికి నూనె పైకి తేలుతుంది. ఇప్పుడు రెండు చుక్కల గిన్నెల సబ్బు ద్రవం వేసి మళ్లీ కలపండి. నూనె చిన్న బిందువులుగా విడిపోయి నీళ్లలో నిలుస్తుంది. రక్తంలో ప్రోటీన్ పొర చేసే పని దాదాపు ఇలాంటిదే.

తర్వాత ఇంట్లో పెద్దల రక్తపరీక్ష రిపోర్టు తీసి ఎల్‌డీఎల్, హెచ్‌డీఎల్ అంకెలను పిల్లల చేతనే చదివించండి. ఒక మాట మాత్రం గట్టిగా చెప్పండి: పక్కింటివారికి పనిచేసిందని మాత్ర మొదలుపెట్టకూడదు, బాగున్నామని మానేయకూడదు. రెండింటికీ డాక్టరునే అడగాలి.