డీజిల్ కారులో గేర్లు పడట్లేదా? గేర్‌బాక్స్ దించే ముందు ఇది చూడండి

నా డీజిల్ కారు 2 లక్షల కిలోమీటర్లు దాటింది. మొన్న అనంతసాగరం నుంచి ఆత్మకూరు వెళ్తుంటే ఏ గేరూ సరిగా పడలేదు, రివర్స్ వేస్తే కరకరమంది. "గేర్‌బాక్స్ దించాల్సిందే సార్" అన్నాడు మెకానిక్. ఫోన్‌కి బ్లూటూత్ ఓబీడీ స్కానర్ కలిపి చూస్తే ఎర్రర్ కోడ్ ఏదీ రాలేదు. గేర్ల అరుగుదల దానికి తెలీదు మరి!

ఇంజిన్ ఆపి చూశా. అన్ని గేర్లూ సాఫీగా పడ్డాయి. అంటే క్లచ్ పూర్తిగా విడవట్లేదన్నమాట. క్లచ్ ఫ్లూయిడ్ తగ్గింది, పెడల్ దగ్గర తడి. మాస్టర్ సిలిండర్ లీకు. అది మార్పించి, లైన్లో గాలి తీయించా. గేర్‌బాక్స్ జోలికే పోలేదు.

ఒక్క గేరే కరకరమంటే మాత్రం సింక్రో రింగ్‌ని అనుమానించాలి. న్యూట్రల్‌లో మోత వచ్చి, క్లచ్ తొక్కగానే ఆగితే ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగ్. తొక్కినప్పుడే వస్తే రిలీజ్ బేరింగ్. ఆ మోతని ఫోన్‌లో రికార్డు చేసి మెకానిక్‌కి వినిపించండి.