పొద్దుతిరుగుడు నూనె – మేలెంత? కీడెంత?

అమ్మానాన్నల బదిలీలతో మనం ఊళ్ళు మారుతుంటాం. కేరళలో పక్కింటి నుంచి కొబ్బరినూనె వాసన వస్తే, బెంగాల్లో ఆవనూనె ఘాటు వస్తుంది. మన వంటింట్లో మాత్రం తరచు అదే పొద్దుతిరుగుడు నూనె ప్యాకెట్టు!

ఈ నూనెలో విటమిన్ ‘ఇ’ ఎక్కువ, సంతృప్త కొవ్వు తక్కువ. వనస్పతికి బదులు మితంగా వాడితే రక్తంలో చెడు కొలెస్టరాల్ తగ్గుతుంది. కానీ ఇందులో ఒమేగా-6 కొవ్వులే ఎక్కువ. ఒమేగా-3 దాదాపు ఉండదు. ఆవనూనెలో అది ఉంటుంది. అందుకే ఒకే నూనెకు కట్టుబడకుండా మార్చి మార్చి వాడమని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది. ఏ నూనైనా గ్రాముకు 9 కిలోకేలరీల శక్తినిస్తుంది కాబట్టి కొలత తప్పకూడదు.

అసలు ప్రమాదం మూకుట్లో మిగిలిన నూనెతోనే. పదేపదే కాచిన నూనెలో ఆల్డిహైడ్ల వంటి హానికర పదార్థాలు పుడతాయి. పూరీలు వేయించాక మిగిలిన నూనెను వడకట్టి, ఒకటి రెండు రోజుల్లో తాలింపులకు వాడేయాలి. మళ్ళీ వేపుళ్ళకు వాడకూడదు. నల్లబడినా, నురగ కట్టినా పారబోయాల్సిందే.

అమ్మకు పారబోయడానికి మనసు రాకపోవచ్చు. తక్కువ నూనె పోసి వేయించమని మనమే చెబుదాం. కొత్త ఊరు వెళ్ళినప్పుడు అక్కడి నూనెనూ రుచి చూద్దాం.