సంగటి తిన్న నోటికి ఇటలీ రుచి

ధర్మవరంలో అయ్యవారుగా పనిచేశాను. పుట్టపర్తికి ఇటలీ భక్తులు రావడం ఎనభైల నుంచీ చూస్తున్నాను. ఆశ్రమంలో పాశ్చాత్య వంటలకు వేరే క్యాంటీన్ ఉంది. బయటి హోటళ్లు కూడా వాళ్ల కోసమే పాస్తా వండడం నేర్చాయి. ఆ బల్లల దగ్గర కూర్చుని నేర్చుకున్నవి నా మనవలకు చెప్పినట్టే ఇక్కడ చెబుతున్నాను.

1. ఇటలీ భోజనం కావాలని అడగొద్దు, ఏ సీమ వంట ఉందో అడగండి. మన సంగటికీ గోదావరి పులసకూ ఎంత దూరమో అక్కడా అంతే. ఉత్తరాన వెన్న, వరి, మొక్కజొన్న. దక్షిణాన ఆలివ్ నూనె, గట్టి గోధుమ. మిలాన్‌లో వరిలో కుంకుమపువ్వు వేసి రిసొట్టో వండుతారు. ఎమీలియా వాళ్లు పాస్తా పిండిలో గుడ్డు కలుపుతారు. పూలియా పల్లెల్లో గోధుమ రవ్వ, నీళ్లు, అంతే.

2. ముందు ఆ పూలియా వంటే తినండి. అది మనలాగే నీళ్లకు అల్లాడిన సీమ. కొండల అవతలి సెలె నది నీళ్లు కాలువల గుండా బారీ నగరానికి చేరింది 1915లో. అనంతపురం పల్లెలకు సత్యసాయి ట్రస్టు తాగునీళ్లు తెచ్చిన రోజులు గుర్తున్నవాళ్లకు ఆ మాట బరువు తెలుస్తుంది. పూలియాలో ఎండు చిక్కుడు జాతి గింజలు మెత్తగా ఉడికించి, పక్కన చేదు ఆకుకూర పెట్టి, పైన ఆలివ్ నూనె పోస్తారు. మనం పప్పూ ఆకూ ఉడికించి చెనిక్కాయ నూనెతో తాలింపు పెట్టుకోమా? అక్కడి ఆడవాళ్లు బొటనవేలితో నొక్కి చేసే చెవి ఆకారం పాస్తా పేరు ఒరెక్కియెత్తె. యంత్రం అక్కరలేదు.

3. ఒకసారి హోటల్లో పొలెంటా తెచ్చిపెట్టారు. పక్కన కూర్చున్న ఉత్తర ఇటలీ వెనెటో సీమ పెద్దామె అదెలా చేస్తారో చేతులు తిప్పి చూపించింది: పాత్రలో నీళ్లు మరిగించి, మొక్కజొన్న పిండి సన్నగా వదులుతూ, ఉండ కట్టకుండా కట్టెతో ముక్కాలు గంట గెలకాలి. నా కళ్లకు మా అమ్మ కనిపించింది. కుండను కాళ్ల సందున బిగించి, తెడ్డు రెండు చేతులా పట్టుకుని ఆమె సంగటి గెలికేది. మనం చెయ్యి తడిచేసుకుని ముద్ద కడతాం. వాళ్లు చెక్కపలక మీద కుమ్మరించి, గట్టిపడ్డాక దారంతో కోస్తారు. తేడా అంతే.

ఇంకొకటి కూడా తెలుసుకోవాలి. ఏళ్ల తరబడి పొలెంటా ఒక్కటే తిన్న ఉత్తర ఇటలీ పేదలను పెల్లాగ్రా జబ్బు పీడించింది. ఎక్కువగా జొన్న మీదే బతికేవాళ్లలో అదే జబ్బును హైదరాబాదులో గోపాలన్, శ్రీకంఠయ్య పరిశోధించి 1960లో రాశారు. ఒక్క గింజను నమ్ముకుంటే ఒళ్లు దెబ్బతింటుంది. నేలా అంతే. కొర్రలు, సజ్జలు, అలసందలు వదిలి చెనిక్కాయ ఒక్కదాన్నే పట్టుకున్న మన జిల్లా వానలు తప్పిన ఏడల్లా ఏమైపోయిందో నేను కళ్లారా చూశాను. ఆ బాధ నాకింకా తగ్గలేదు.

4. రిసొట్టో మెతుకు పంటికి తగులుతుంది. ఉడకలేదని వెనక్కి పంపకండి. అక్కడ దాని పదును అదే.

5. శాకాహారులు చీజ్ సంగతి అడిగి తెలుసుకోవాలి. అసలు పార్మెసాన్‌కు పాలు విరగ్గొట్టేది దూడ కడుపులోంచి తీసిన పదార్థంతో.

6. అతిథిని మన ఇంటికీ పిలవండి. ఆ పెద్దామె మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు సంగటి పెట్టడానికి సిగ్గుపడి ఫ్రైడ్ రైస్ చేయించాను. అది నా తప్పు. మరుసటి ఏడు సంగటి, ఊరిబిండి పెడితే మారు వడ్డించుకుంది. కుండ అడుగున అంటిన చెక్కు కూడా అడిగింది. పొలెంటాకూ అలాంటి చెక్కు వస్తుందట, పిల్లలు దానికోసం కొట్లాడుకుంటారట.

7. కొర్రల శాస్త్రీయ నామం సెటారియా ఇటాలికా. మొక్కజొన్న అమెరికా నుంచి రాకముందు ఇటలీ వాళ్లూ పొలెంటాను చిరుధాన్యాలతో చేసుకున్నవాళ్లే. ఈ మాట చెప్పి, కొర్రపిండితో పొలెంటా వండి చూడమని ఆ హోటల్ వంటాయనను అడిగాను. పిండి ఎక్కడ దొరుకుతుందన్నాడు. పోయిన వారం రెండు సేర్లు విసిరించి పంపాను.