ఒక్కరి గోడు, అందరి దావా

సాయంత్రాలు తార్నాక నుంచి ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆవరణలోకి నడకకు వచ్చే పెద్దలలో మాలాంటి ఉపాధ్యాయులు, పింఛనుదారులు చాలామందే ఉన్నారు. ఆ నడకలో ఈమధ్య ఒక ప్రశ్న వచ్చింది. అరవై ఇళ్ల అపార్ట్‌మెంటు. బిల్డరు ఇస్తానన్న లిఫ్టు ఇవ్వలేదు. ఒక్కొక్కరి నష్టం వకీలు ఫీజుకే చాలదు. అందరూ కలిసి ఒకే దావా వేయవచ్చా?

వేయవచ్చు. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఆర్డర్ 1, రూల్ 8 ఇందుకే ఉంది. అందరి ప్రయోజనం ఒకటే అయినప్పుడు, కోర్టు అనుమతితో ఒకరిద్దరు అందరి తరఫునా దావా వేస్తారు. మిగిలినవారికి నోటీసు వెళ్లాలి. మనిషి మనిషికీ పంపడం కుదరకపోతే పత్రికలో ప్రకటన ఇస్తారు. ఇష్టమున్నవారు తామూ కక్షిదారులుగా చేరడానికి కోర్టును అడగవచ్చు. ఇక్కడ పాఠకులు కాస్త ఆగి చదవాలి. తీర్పు అందరికీ వర్తిస్తుంది. “నేను సంతకం పెట్టలేదు కదా” అంటే చెల్లదు. అందుకే ముందు నిలబడినవారు బిల్డరుతో చాటుగా రాజీపడకుండా ఆర్డర్ 23, రూల్ 3బి అడ్డుకట్ట వేసింది. మిగతావారికి నోటీసు, కోర్టు అనుమతి లేనిదే ఆ రాజీ చెల్లదు.

2019 వినియోగదారుల రక్షణ చట్టం 35వ సెక్షను కింద కమిషన్‌లో కూడా ఇదే పద్ధతి. అయితే బెంగళూరులో 1,134 ఇళ్ల సముదాయం గురించి 51 ఇళ్ల కొనుగోలుదారులు అందరి పేరున ఫిర్యాదు చేస్తే, 2021లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. అందరి ప్రయోజనం ఒకటేనని ఫిర్యాదులోనే చూపించాలంది. ఆ కొద్దిమంది ఉమ్మడి ఫిర్యాదుగా మాత్రం నడుపుకోవచ్చంది.

ఇక మన హైదరాబాదు కథ. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ చైర్మన్ రామలింగరాజు లెక్కలు తారుమారు చేసినట్టు ఒప్పుకుంటూ లేఖ రాశారు. ముందురోజు 179 రూపాయలున్న షేరు ఆ సాయంత్రానికి 40కి పడింది. ఆ కంపెనీ న్యూయార్క్ ఎక్స్ఛేంజీలో కూడా నమోదై ఉంది గనుక అక్కడి మదుపరులు వెంటనే కోర్టుకెక్కారు. విడివిడి దావాలను న్యూయార్క్ ఫెడరల్ కోర్టు ఒక్కటి చేసింది, అందరి తరఫునా ముందు నిలిచే వాదులను నియమించింది. 2011లో కంపెనీ 12.5 కోట్ల డాలర్లకు, ఆడిట్ సంస్థలు 2.55 కోట్ల డాలర్లకు రాజీకి వచ్చాయి. అక్కడ రాజీ కుదిరినంత మాత్రాన డబ్బు చేతికి రాదు. వర్గంలోని వారికి నోటీసు వెళ్లాలి, వద్దనేవాళ్లు తప్పుకోవచ్చు, అభ్యంతరాలు విన్నాక జడ్జి ఆమోదించాలి. ఆ తర్వాత షేర్లు కొన్న కాగితాలతో క్లెయిము ఫారం పంపినవారికే వాటా.

మరి తార్నాకలో కూర్చుని బొంబాయి ఎక్స్ఛేంజీలో అవే షేర్లు కొన్న మనిషికి? ఆ రాజీలో చోటు లేదు. ఇక్కడి మదుపరుల సంఘం ఒకటి వినియోగదారుల జాతీయ కమిషన్‌కూ, సుప్రీంకోర్టుకూ వెళ్లినా ఫలితం లేకపోయింది. ఒకే లేఖ, ఒకే నష్టం, రెండు రకాల న్యాయం. మాకు ఇది ఇప్పటికీ మింగుడుపడదు.

ఆ అనుభవం తర్వాతే 2013 కంపెనీల చట్టంలో 245వ సెక్షను వచ్చింది, 2016 జూన్‌లో అమలులోకి వచ్చింది. వాటాదారులు గానీ, డిపాజిట్‌దారులు గానీ తగినంతమంది కలిసి కంపెనీ లా ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. కంపెనీ మీదే కాదు, డైరెక్టర్ల మీద, ఆడిటర్ల మీద కూడా పరిహారం అడగవచ్చు. బ్యాంకులకు ఇది వర్తించదు.

అయినా ఈ దావాలు ఇక్కడ అరుదే. మా దృష్టిలో పెద్ద కారణం ఖర్చు. అమెరికాలో వకీలు గెలిచాక వచ్చిన సొమ్ములోంచే ఫీజు తీసుకుంటాడు, అదీ జడ్జి ఒప్పుకున్నంతే. మన బార్ కౌన్సిల్ నియమాలు అలా వాటా మాట్లాడుకోవడాన్ని ఒప్పవు. ముందే ఎవరో ఒకరు జేబులోంచి పెట్టుకోవాలి. ట్రిబ్యునల్ మంజూరు చేస్తే 245 కింద పెట్టిన ఖర్చును మదుపరుల విద్య, రక్షణ నిధి నుంచి తిరిగి పొందే వీలు చట్టంలో ఉంది. వకీలు దగ్గరకు వెళ్లేటప్పుడు ఈ సంగతి కూడా అడగండి; రసీదులు, ఒప్పంద పత్రాల నకళ్లు వెంట తీసుకెళ్లండి.