వరి కోతలు, గేదె ఎద: డెల్టా చిన్న పాడి కుటుంబపు ఏడాది

కృష్ణా డెల్టాలో ఒకటి రెండు ఎకరాల వరి, రెండు మూడు గ్రేడెడ్ ముర్రా గేదెలు గల కుటుంబంలో పాడి పని రోజూ ఒకే తీరుగా సాగుతున్నట్లు కనిపిస్తుంది. వేకువన, సాయంత్రం పాలు పితకడం, పేడ తీయడం, మేత వేయడం ఏ నెలలోనూ ఆగవు. అయినా ఆ ఇంటి పాడి గిట్టుబాటు అవుతుందా లేదా అన్నది చాలావరకు కార్తీకం మొదలు పుష్యం వరకు గల కొద్ది నెలలలోనే తేలిపోతుంది. ఇంటిల్లిపాదీ వరి కోతలలో, నూర్పిళ్లలో మునిగి ఉండేది కూడా సరిగ్గా ఆ నెలలలోనే. చిక్కంతా ఇక్కడ ఉంది.

గేదె పగటి కాలం తగ్గుతున్న నెలలలో ఎక్కువగా ఎదకు వస్తుంది. దాని చూడికాలం సుమారు 310 రోజులు. కాబట్టి వర్షాకాలం చివర నుంచి చలికాలం వరకు చూలు కట్టిన గేదెలు మరుసటి ఏడు దాదాపు అదే కాలంలో ఈనుతాయి. చలికాలంలో పాలు పుష్కలంగా ఉండి, వేసవిలో కొరత ఏర్పడడానికి ముఖ్య కారణం ఇదే.

అక్టోబరు మొదట్లో ఈనిన గేదెను ఉదాహరణగా తీసుకుందాం. ఈనిన తరువాత గర్భాశయం కోలుకోవడానికి సుమారు రెండు నెలలు విడిచి, జనవరి మొదటి వారంలోగా చూలు కట్టించగలిగితే, నవంబరు రెండవ వారానికి మళ్లీ ఈనుతుంది. ఈతకూ ఈతకూ మధ్య ఎడం 13 నెలలు. ఆ అదను తప్పి, ఎండలు ముదిరితే అది మరల చక్కగా ఎదకు వచ్చేది వర్షాలు పడి వాతావరణం చల్లబడిన తరువాతనే. అక్టోబరులో చూలు కడితే ఆ పై ఏడు ఆగస్టులో ఈనుతుంది. అప్పుడు ఎడం 22 నెలలు అవుతుంది. అందులో పాలిచ్చేది తొమ్మిది, పది నెలలనుకుంటే, మిగిలిన ఏడాది కాలం అది మేత తింటూ వట్టిగా నిలబడుతుంది. రెండు గేదెలే ఉన్న ఇంట ఒకటి ఇలా నిలిచిపోతే పాల రాబడి సగానికి పడిపోతుంది. అంతకాలం మేపలేక మంచి గేదెను కూడా అగ్గువకు అమ్ముకునే రైతులున్నారు. గొడ్డుమోతుదన్న పేరు గేదెకు వస్తుంది. తప్పిపోయినది మాత్రం రెండు మూడు ఎదలు.

ఎద తప్పిపోవడానికి కారణం అశ్రద్ధ ఒక్కటే కాదు. ఆవుల వలె గేదెలు ఒకదానిపై ఒకటి ఎక్కడం అరుదు. పలు గేదెలలో ఎద మూగగానే గడిచిపోతుంది. మాటిమాటికి కొద్దికొద్దిగా మూత్రం పోయడం, పాలు సరిగా చేపకపోవడం, మేతపై ఆసక్తి తగ్గడం, అప్పుడప్పుడు అరవడం, మానం ఉబ్బి తీగలు చూడడం ప్రధాన లక్షణాలు. ఈ తీగలు ఎక్కువగా గేదె పడుకొని ఉన్నప్పుడు, తెల్లవారుజామున కనిపిస్తాయి. పేడ తీసి నేల కడిగిన తరువాత చూస్తే ఆనవాలు మిగలదు. అందువల్ల పాలు పితికే ముందే, దీపం పట్టుకుని గేదె వెనుక నేలను చూడాలి. ఉదయం లక్షణాలు కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మరునాటి ఉదయం గర్భధారణ చేయించాలి. 21 రోజులకు ఒకసారి వచ్చే ఈ గడియ దాటితే మళ్లీ మూడు వారాలు ఆగవలసిందే.

ఈ మార్పులను మొదట పసిగట్టేది సాధారణంగా ఇంటి ఇల్లాలు. కోతల కాలంలో ఆమె కూడా వేకువనే పొలానికి వెళితే, పాలు పితికే పని హడావుడిగా ముగుస్తుంది, గేదెను నిలిచి చూసేవారుండరు. ఇంట్లో వృద్ధులు ఉంటే వారికి ఈ ఒక్క పనిని అప్పగించడం మేలు. ఈనిన తేదీ, ఎద కనిపించిన తేదీ గోడపై ఉన్న క్యాలెండరులోనే గుర్తు పెట్టుకున్నా చాలు. ఎద గుర్తింపుపై శిక్షణ పురుషులకే పరిమితం చేస్తే ప్రయోజనం స్వల్పమని వేరుగా చెప్పనక్కరలేదు.

మరొక పొరపాటు సంక్రాంతి తరువాత జరుగుతుంది. గర్భధారణ చేయించిన గేదె 21వ రోజున ఎద చూపకపోతే చూలు కట్టిందని భావిస్తారు. మూగ ఎద గల పశువులో ఇది నమ్మదగిన ఆధారం కాదు. వేసవి వచ్చాక ఎద కనిపించకపోవడం సహజమే కనుక భ్రమ ఇంకా బలపడుతుంది. తొలకరికి గాని అసలు సంగతి బయటపడదు. గర్భధారణ చేయించిన రెండు, మూడు నెలలకు పశువైద్యునితో చూడి పరీక్ష చేయించడం తప్పనిసరి.

చలికాలంలో ఎదకు రావలసిన గేదె దేహస్థితి అంతకు ముందే కుదిరి ఉండాలి. వరిగడ్డిలో మాంసకృత్తులు 3 నుంచి 4 శాతమే. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియాను సుమారు 60 లీటర్ల నీటిలో కరిగించి చల్లి, గాలి చొరకుండా 21 రోజులు కప్పి ఉంచితే పోషక విలువ పెరుగుతుంది. తీసిన గడ్డిని కాసేపు ఆరనిచ్చి వేయాలి, చిన్న దూడలకు వేయరాదు. కోత యంత్రాలు వచ్చిన తరువాత గడ్డి చేలో చెదిరిపోయి, కొన్నిచోట్ల తగులబెట్టడం జరుగుతోంది. వాము వేసుకునే అలవాటు తగ్గిన ఇంట వేసవి మేత కొనవలసి వస్తోంది. కోతకు కొద్ది రోజుల ముందు వరి చేలోనే చల్లే పిల్లిపెసర, జనుము ఈ లోటును కొంత తీరుస్తాయి. చేనంతటా మినుము చల్లినా ఒక మూలను పశువులకు విడిచిపెట్టుకోవాలి.

వేసవిలో నల్లని చర్మం, తక్కువ చెమట గ్రంథులు గల గేదెకు నీరే ఆధారం. చెరువు గాని కాలువ గాని అందుబాటులో లేకపోతే రోజుకు రెండు మూడు మార్లు ఒంటిపై నీరు పోసి, ఎండుమేతను రాత్రి వేళకు మార్చాలి. తొలకరికి ముందే గొంతువాపు టీకా వేయించాలి. కాలువ గట్ల మేతతో వచ్చే జలగ వ్యాధికి వర్షాలకు ముందు, తరువాత మందు తాగించాలి. వర్షాకాలంలో నీటి ఎద్దడికి గురైన లేత జొన్నను మేపరాదు. పూత దశ వచ్చిన తరువాతనే కోయాలి.

ఇక నిండు చూడి గేదెను ఈతకు రెండు నెలల ముందే పితకడం ఆపి, ఆ రోజుల్లో దాణా తగ్గించకుండా ఇవ్వాలి. పాలు ఇవ్వడం లేదని తవుడు, తెలగపిండి మానివేసిన గేదె ఈనిన తరువాత చిక్కిపోతుంది, కోతల నాటికి ఎదకు రాదు.